కుక్క కదా, బయటే ఉంటాది

మొన్న ఎండలు మండిపోతున్న రోజుల్లో, మా భిలాయి సెక్టర్ 7లో పక్క క్వార్టరు కుర్రాడితో గట్టిగా పోట్లాడాను. ఈ వయసులో నీకిది అవసరమా అని మా ఆయన లోపలి నుంచి అంటూనే ఉన్నారు. అవసరమే. ఆ కుర్రాడు ఎక్కడి నుంచో ఒళ్ళంతా జూలున్న తెల్ల కుక్కను కొనుక్కొచ్చాడు. మంచు దేశాల్లో పుట్టే జాతి. దాన్ని వరండా గ్రిల్లుకు గొలుసుతో కట్టేసి, తను లోపల ఏసీ వేసుకుని పడుకున్నాడు. మిట్టమధ్యాహ్నం గాడుపులో నాలుక నేలకు ఆనించి అది రొప్పుతుంటే గోడ ఇవతల నుంచి చూస్తూ ఎంతసేపు ఊరుకుంటాను? వెళ్ళి బెల్లు కొట్టాను.

వాడు మనవాడే. తాతలది బొబ్బిలి వైపు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి నోటికి హిందీ ముందొస్తుంది, తెలుగు తర్వాత. కళ్ళు నులుముకుంటూ తలుపు తీసి, "క్యా హువా ఆంటీ?" అన్నాడు.

"కుక్కని లోపల పెట్టు బాబూ. చచ్చిపోయేలా ఉంది."

"అరే ఆంటీ, కుక్క కదా, బయటే ఉంటాది" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట విన్నాక నా నోరు ఆగలేదు. ఏం తిట్టానో నాకే సరిగా గుర్తులేదు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. సాయంత్రానికల్లా వాడు కుక్కను లోపలికి తీసుకున్నాడు. జాలి పుట్టి కాదు, నా నోటికి జడిసి. ఏదైతేనేం, అది ఇప్పుడు లోపలే ఉంటోంది, దాని సంగతి అంతటితో తేలిపోయింది. నా సంగతే తేలలేదు. ఎందుకంటే ఆ మాటను, అదే నవ్వుతో, నా చిన్నతనంలో మా నాన్న నోట విన్నాను.

అప్పుడు మేం సెక్టర్ 4లో ఉండేవాళ్ళం. రెండేసి ఇళ్ళకు ఒకే నడిమి గోడ. ముందు కాస్త ఖాళీ జాగా, అందులో ఒక జామచెట్టు, వెనక పెరడు. సాయంత్రమైతే ప్రతి పెరట్లోనూ బొగ్గుల కుంపట్లు రాజుకునేవి. ఆ పొగా, ఉక్కు ప్లాంటు వైపు నుంచి గాలి తిరిగినప్పుడు వచ్చే ఘాటు వాసనా కలిసి గొంతులో పడేవి. తీగ మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి ఇటుక రంగు తిరిగేవి. అమ్మ వాటిని దులిపి దులిపి మడతపెట్టేది.

నాన్న రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసేవారు. షిఫ్టు దిగి వస్తే ఆయన ఖాకీ చొక్కా గ్రీజు వాసన, కాలిన ఇనుము వాసన వేసేది. క్యాంటీన్‌లో తనకిచ్చిన సమోసాను తినకుండా కాగితంలో చుట్టి నా కోసం తెచ్చేవారు. నూనె ఇంకి ఆ కాగితం అద్దంలా అయిపోయేది. చెడ్డవారైతే నాకింత కోపం ఉండేది కాదేమో. సమోసా తెచ్చిన చేతులే ఆ పని చేశాయి కాబట్టే ఇన్నేళ్ళైనా మింగుడు పడదు.

మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, మాతోనే ఉండేది. పొద్దున్నే చోడంబలి, అదే రాగి అంబలి, ఉల్లిపాయ నంజుకుని తాగుతూ, ఊళ్ళో ఎవరి గుమ్మం ఎవరు తొక్కవచ్చో, ఎవరు తొక్కకూడదో నాకు వరస పెట్టి చెప్పేది. భిలాయి వచ్చి అన్నేళ్ళైనా ఆవిడ తలలో ఊరు ఊరులాగే ఉండిపోయింది.

కుక్కను తెచ్చింది నాన్నే. మా వీధిలో దొంగలు సైకిళ్ళు ఎత్తుకుపోతున్న రోజులవి. మిల్లు షెడ్డులో ఈనిన కుక్కపిల్లల్లో ఒకదాన్ని, మిషన్లు తుడిచే దూదిపీచులో చుట్టి, సంచిలో వేసుకుని తెచ్చారు. నల్లటి పిల్ల, చెవి చివర మాత్రం తెలుపు. నూనె కంపు కొడుతోంది. నేను ఎగిరి గంతేశాను. మామ్మ మాత్రం చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"కుక్క వొచ్చింది, బాగున్నాది. గడప దాటిందంటే మాత్రం నాను ఊరుకోను. దేవుడున్న ఇల్లు ఇది."

"కుక్క కదే అమ్మా, బయటే ఉంటాది. లోనకెందుకొస్తాది?" అన్నారు నాన్న.

దానికి పేరు కూడా పెట్టలేదు. మా ఇంట్లో అది వట్టి 'కుక్క'. గడప మీద కాలు పెట్టినప్పుడల్లా మామ్మ చీపురు తిరగేసి మూతి మీద కొట్టేది. కొన్నాళ్ళకు గుమ్మం బయట, సరిగ్గా గడప అంచు వరకు మూతి ఆనించి పడుకోవడం నేర్చుకుంది. మామ్మ మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు నేను బిస్కట్టు ముక్క లోపల పెట్టి పిలిచేదాన్ని. చొంగ కార్చేది, మూలిగేది, తోకతో నేల తుడిచేది. ఒక కాలు ఎత్తి గాలిలో ఉంచి, మామ్మ మంచం వైపు చూసి, మళ్ళీ దించేసేది. మామ్మ దానికి మంచి బుద్ధులు వచ్చాయని మురిసిపోయేది.

నడిమి గోడకు అవతల టీచరాంటీ ఉండేది. టౌన్‌షిప్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పేది కాబట్టి క్వార్టరు ఆవిడ పేరునే ఉండేది. వాళ్ళాయన రైల్వేలో గార్డు. పక్కూరు దుర్గ్‌లో బండి ఎక్కారంటే ఎప్పుడు దిగేదీ తెలియదు. పిల్లలు లేరు. వాళ్ళ తాతల కాలంలోనే మన వైపు నుంచి రైల్వే పనికి వచ్చి దుర్గ్‌లో స్థిరపడ్డారు. చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆవిడ తెలుగులో సగం హిందీ దొర్లేది.

అమ్మకూ ఆవిడకూ గోడ మీదే స్నేహం. కరివేపాకు రెబ్బలు, తోడు పెట్టడానికి మజ్జిగ, పత్రికలు అటూ ఇటూ మారేవి. మాట గోడ దాటేది, మనిషి దాటేది కాదు. క్రిస్మస్‌కి ఆవిడ పళ్ళెం నిండా గులాబీ పువ్వులు వండి పంపేది. అచ్చు నూనెలో ముంచి తీసే ఆ పువ్వులు కొబ్బరిపాలు, యాలకుల వాసన వేసేవి. మామ్మ నవ్వుతూ అందుకుని, ఆవిడ అటు తిరగ్గానే పళ్ళెం తీసుకెళ్ళి కుక్క చిప్పలో బోర్లించేది. నేను మామ్మ వెనకే వెళ్ళి, కుక్క పక్కన గొంతుక్కూర్చుని, దానికొకటి నాకొకటి తినేదాన్ని. అంత కరకరలాడే పిండివంట మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు. ఆంటీ వీధిలో కనబడితే నేనూ కుక్కా ఒకేలా ఎదురు పరిగెత్తేవాళ్ళం. కారణం ఆవిడకు తెలుసో లేదో.

ఆ ఎండాకాలం సెలవులకు మేమంతా ఊరు బయల్దేరాం. కుక్కను ఏం చేద్దామని అమ్మ అడిగింది.

"ఏటి చెయ్యడం? కుక్క కదా, బయట ఎక్కడో ఇంత తిని బతికీస్తాది" అన్నారు నాన్న.

రిక్షా ఎక్కుతూ అమ్మ గోడ మీంచి ఏదో చెప్పడం నేను చూశాను. రిక్షా వెంట కుక్క పెద్దరోడ్డు వరకు పరిగెత్తింది. దుర్గ్‌లో రైలు ఎక్కేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను.

తిరిగి వచ్చేసరికి ఎండ ఇంకా అలాగే ఉంది. రిక్షా ఆగింది, ట్రంకు పెట్టెలు దించారు, కుక్క రాలేదు. పిలిచాను. చచ్చిపోయిందనుకున్నాను. అప్పుడు టీచరాంటీ తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి అది బాణంలా దూసుకొచ్చింది. నా మీద పడి మొహం నాకింది, అమ్మ చుట్టూ తిరిగింది, నాన్న బూట్లు వాసన చూసి ఊళలాంటి కేక పెట్టింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది. సబ్బు వాసన వేస్తోంది. సంబరమంతా అయ్యాక మా గుమ్మం వైపు చూడనైనా చూడకుండా, తిన్నగా టీచరాంటీ ఇంట్లోకి నడిచి వెళ్ళిపోయింది.

"వడదెబ్బ తగిలింది వదినా" అని ఆంటీ గోడ దగ్గరకొచ్చి అమ్మకు చెప్పింది. "మీ గుమ్మంలోనే పడిపోయి ఉంది. ఎత్తుకొచ్చి తడిగుడ్డలు కప్పాను, గ్లూకోజ్ నీళ్ళు పట్టాను. బస్, అప్పట్నించీ కూలర్ ముందే పడుకుంటుంది. చిన్నా అంటే పలుకుతుంది."

చిన్నా. దానికి పేరుంది! నాకు అసూయా కలిగింది, ఆనందమూ కలిగింది. నాన్న మొహం మాత్రం నల్లబడింది.

"మా కుక్కని మాకిచ్చీండి టీచరమ్మా" అన్నారు.

"మీదే అన్నయ్యా, కాదన్నానా? ఎండలు తగ్గేదాకా ఉండనీండి. లేదంటే మీరే లోపల పెట్టుకోండి. నాకు కావల్సిందేముంది, దాని ప్రాణం బాగుంటే చాలు."

"కుక్క కదమ్మా, బయటే ఉంటాది" అని నవ్వారు నాన్న. పైకి మర్యాదగానే అన్నారు. ఇంట్లోకి వచ్చాక అసలు మాట వచ్చింది. "ఆళ్ళ మంచాల కింద మన కుక్క పడుకోడమేటి? రేపు వీధిలో ఏటంటారు? ఈళ్ళు కుక్కకి కూడు పెట్టలేకపోయారు, ఆళ్ళు సాకుతున్నారనరా?"

మామ్మ ఇంకాస్త ముందుకు వెళ్ళింది. నాన్న గేటు బయటి నుంచి పిలిచి తెచ్చిన కుక్క మీద, బిందెడు నీళ్ళలో పసుపు కలిపి గుమ్మరించింది. అది నిజంగా జరిగింది. కుక్కకు మైల తీశారు, గడప లోపలికి రానిచ్చేందుకు కాదు, గడప బయట పడుకోనిచ్చేందుకు.

ఆదివారం సంతలో నాన్న ఇనప గొలుసు కొనుక్కొచ్చి జామచెట్టుకు కట్టేశారు. చెట్టుకింద నీడే కదా అన్నారు. పొద్దున నీడే. మధ్యాహ్నం తిరిగేసరికి ఆ నీడ గోడ దాటి అవతలి వాళ్ళ జాగాలో పడేది. గొలుసు అంతదూరం అందేది కాదు. ఇదివరకు ఎండను సహించిన కుక్కే అది. కాని ఇప్పుడు దానికి లోపల ఎలా ఉంటుందో తెలుసు. తడిసిన కూలరు గడ్డి వాసన, చల్లటి గచ్చు, తలమీద ఒక చెయ్యి, ఇవన్నీ గోడకు అవతలే ఉన్నాయని తెలుసు. అందుకే ఏడ్చింది. మొరగడం కాదు, పసిపిల్లలా సన్నగా, ఆగకుండా ఏడ్చింది. అవతల ఆంటీ కిటికీ తలుపులు మూసుకునేది. వినలేక మూసుకునేదని ఆవిడే తర్వాత చెప్పింది.

నాన్నకు ఆ వారం రాత్రి డ్యూటీ. మధ్యాహ్నం నిద్రపోవాలి. మొదట లోపలి నుంచి అరిచారు. తర్వాత లేచి బయటికొచ్చి కాలితో డొక్కలో తన్నారు. అది చెట్టు మొదలుకు కరుచుకుపోయి, ఆయన లోపలికి వెళ్ళగానే మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ వచ్చారు. ఈసారి బెల్టు తెచ్చారు.

అది కిందపడి పొట్ట చూపిస్తోంది. కొట్టద్దని కుక్కలు అలా చెప్తాయి. నాన్న కొడుతూనే ఉన్నారు.

నాకు పదేళ్ళు కూడా నిండలేదు. నాలో ఏం లేచిందో ఇప్పటికీ చెప్పలేను, గుమ్మం దిగి ఎండలోకి వెళ్ళి కుక్క పక్కన కూర్చున్నాను. మట్టి పెనంలా కాలుతోంది.

"లోనకి రాయే" అన్నారు నాన్న.

"కుక్కని రానిస్తే వొస్తాను."

"ఏటీ?"

"కుక్క బయటుంటే నానూ బయటే ఉంటాను."

మామ్మ గుమ్మంలోంచి, "ఓలమ్మా! ఆడగుంటకి ఇంత మొండితనవేటి!" అని నెత్తి కొట్టుకుంది.

"అయితే కూకో అక్కడే. ఎంతసేపు కూకుంటావో సూస్తాను" అని నాన్న లోపలికి వెళ్ళి తలుపు ధడాలున వేసేసుకున్నారు. గడియ పడిన చప్పుడు నాకు వినిపించింది.

కుక్క నా ఒడిలో తల పెట్టి ఏడవడం ఆపింది. గాడుపు మొహాన కొడుతోంది. కళ్ళముందు జామాకులు వంకర్లు తిరుగుతున్నాయి. ఎంతసేపైందో తెలియదు. కుక్క తల మీద ఎర్రటి చుక్క పడింది, దాని మీద ఇంకొకటి. నా ముక్కులోంచి రక్తం కారుతోంది. ఆ ఎండల్లో భిలాయి పిల్లలకు అది మామూలే. కాని నేనెప్పుడూ చూడలేదు. చచ్చిపోతున్నాననుకుని "అమ్మా" అని అరిచాను.

అమ్మ పెరటి వైపు నుంచి ఇంటిని చుట్టి పరుగున వచ్చింది. చేతికింకా పిండి ఉంది. నన్ను చూసింది, గౌను మీద రక్తం చూసింది, మూసి ఉన్న తలుపు వైపు చూసింది. మా అమ్మ అప్పటిదాకా నాన్న మాటకు ఎదురు చెప్పగా నేను వినలేదు. వంగి, కుక్క మెడ దగ్గర కొక్కెం విప్పింది. గొలుసు చెయ్యి కాల్చినట్టుంది, ఒకసారి వదిలి, కొంగుతో పట్టుకుని మళ్ళీ విప్పింది. ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో కుక్క మెడపట్టీని పట్టుకుని గేటు వైపు నడిచింది. మా తలుపు తట్టలేదు. వీధిలోకి వెళ్ళి, పక్క గేటు తీసి, టీచరాంటీ తలుపు తట్టింది.

బడికి సెలవులు కాబట్టి ఆంటీ ఇంట్లోనే ఉంది. తలుపు తీసి మమ్మల్ని చూసి, "హే ప్రభూ" అని నన్ను ఎత్తుకుపోయింది. నులక మంచం మీద పడుకోబెట్టి, నుదుటి మీద తడి తువ్వాలు వేసి, "ఏమీ కాదు బేటా, వేడికి వస్తుంది, డరో మత్" అంది. కుక్క తిన్నగా వెళ్ళి ఆ మంచం కిందే దూరింది. తల వాల్చి చూస్తే గోడన సిలువ బొమ్మ, దాని కింద వాళ్ళాయన గార్డు దీపం. ఇల్లంతా తడిగడ్డి వాసన.

అమ్మ గుమ్మం లోపల నిలబడే ఉంది. ఆంటీ నీళ్ళగ్లాసు తెచ్చి ఇవ్వబోయి ఆగిపోయింది. "మా గ్లాసు వదినా... పర్లేదా?"

"ఇయ్యండి" అని అమ్మ అందుకుని గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగి, కుర్చీలో కూర్చుంది.

నాన్న గేటు బయటి నుంచి పిలిచారు. బనీను, లుంగీతో అలాగే వచ్చేశారు. ఎదురు వరండాల్లోకి జనం చేరారు.

"ఇదిగో! బయటికి రా."

"ఎండగా ఉందండి" అంది అమ్మ, కుర్చీలోంచి లేవకుండానే. "సల్లబడినాక వొస్తాను."

"గుంటని తీసుకుని రమ్మంటన్నాను. కుక్కని కూడా తే."

"కుక్క రాదు."

"ఎవులి కుక్కది?"

"లోన పెట్టుకున్నోళ్ళది."

నాన్న గేటు దాటి లోపలికి రాలేదు. ఆ ఇంట్లో కాలు పెట్టలేరు కదా. కాళ్ళు కాలుతుంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడి, చివరికి వెళ్ళిపోయారు. జాలి కలగాల్సింది. నాకు కలగలేదు.

సాయంత్రం బొగ్గుల పొగలు లేచే వేళకు మేమిద్దరం ఇంటికొచ్చాం. కుక్క రాలేదు. నాన్న అమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు. మామ్మ అమ్మ చేతివంట తిననని భీష్మించి, విడిగా వండుకుని, ఆ ఎండల్లో కుంపటి ముందు కూర్చోలేక మానేసింది. గొలుసు జామచెట్టుకే తుప్పు పట్టింది. ఆ తర్వాత అమ్మ రోజూ పక్కింటికి గేటులోంచే వెళ్ళేది, నన్నూ తీసుకెళ్ళేది. కుక్క అక్కడే ముసలిదై, ఆంటీ మంచం కిందే ఒక చలికాలం పొద్దున ప్రాణం విడిచింది. ఆంటీ వాళ్ళు రిటైరై దుర్గ్ వెళ్ళిపోయాక కూడా అమ్మ బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళొచ్చేది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ కుక్క బతికినన్నాళ్ళూ నాన్న సైకిల్ మీద డ్యూటీకి వెళ్తుంటే అది ఆంటీ ఇంట్లోంచి బయటికొచ్చి మలుపు దాకా సాగనంపేది. తోక ఊపుకుంటూ. దానికి ఆయన మీద కోపం లేదు.

నాకు తర్వాత మరింత కోపం తెప్పించింది నాన్న చెప్పుకున్న కథ. రిటైరయ్యాక ఇంటికి ఎవరొచ్చినా కుక్కల ప్రస్తావన వస్తే చాలు, "మా దగ్గరొక కుక్కుండేది. పక్కింటోళ్ళకి పిల్లల్లేరు పాపం, ఆళ్ళకి తోడుగా ఉంటాదని నానే ఇచ్చీసినాను" అనేవారు. మొదటిసారి విన్నప్పుడు హాస్యమనుకున్నాను. కాదు, నమ్మేశారు. బెల్టు లేదు, పసుపు నీళ్ళు లేవు, గడియ లేదు. ప్రతిసారీ నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అమ్మ అక్కడ గిన్నెలు తోముతూ ఉండేది. నా వైపు చూసి తల దించుకునేది.

ఆయన పోయిన తర్వాత పెద్దకర్మ భోజనాల్లో ప్లాంటు స్నేహితుడొకాయన విస్తరి ముందు కూర్చుని, "ఎంత దయగలోడండి! పెంచుకున్న కుక్కని కూడా పిల్లల్లేనోళ్ళకి ఇచ్చీసినాడు" అన్నారు. అందరూ తలలూపారు.

"ఇవ్వలేదు" అన్నాను.

వడ్డిస్తున్న చేతులు ఆగాయి. మా మేనత్త నా భుజం నొక్కి, "ఇప్పుడెందుకే అయ్యన్నీ" అంది. నేను ఆగలేదు. గొలుసు, ఎండ, తన్నులు, నా ముక్కు రక్తం, మూసిన తలుపు, అన్నీ చెప్పాను. చచ్చిపోయినాయన గురించి కూతురే ఇలా మాట్లాడుతుందా అని ఎవరో గొణిగారు.

అమ్మ గది గుమ్మం దగ్గర తెల్లచీరలో కూర్చుని ఉంది.

"సెప్పనీండి" అంది. "నిజవే. ఆయన ఇయ్యలేదు. నానే తీసుకెళ్ళినాను."

మా అమ్మ జీవితంలో నలుగురి ముందు ఇది నేను చేశానని చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. నేనది బయటపెట్టింది నాన్నంటే ప్రేమ లేక కాదు, ఆ చేతులు తెచ్చిన సమోసాల వాసన నాకిప్పటికీ ప్రియమే. కాని ఆ మధ్యాహ్నం ఎవరు తలుపు వేసుకున్నారో, ఎవరు తలుపు తీశారో, ఎవరు కాలే గొలుసు విప్పారో నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు అమ్మా లేదు, ఆంటీ లేదు. చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేను బతికున్నంత కాలం ఆ కథ ఇంకోలా చెప్పనివ్వను.